షాబాదు బండల కింది మగ్గం గుంత

ఈమధ్య కొత్తగ నౌకరీలకెక్కిన ఇంజనీర్లు ఇద్దరు మా ఇంటికొచ్చిండ్రు. చాయ్ తాగుకుంట, "సార్, మీ కాలంల గవర్నమెంటు ఇండ్లు గట్టిగ కట్టేటోళ్ళట. తినుడు గినుడు లేకుండెనట గద?" అని అడిగిండ్రు. నవ్వాల్నో ఏడ్వాల్నో నాకు తెల్వలే.

నిజమే నాయినా, మేము కట్టిన కాలనీల ఒక్క బస్తా సిమెంటు పక్కకు పోలే. గోడలు ఇయ్యాల్టికీ బీట రాలే. అట్లాంటి కాలనీలనే ఒక ఆడమనిషి కడుపు మీద మా డిపార్ట్‌మెంటు ఎట్ల కొట్టిందో చెప్త, వినుండ్రి. దొంగోడు చేసే నష్టం ఒక తీరుంటది. తప్పు చెయ్యని మొండోడు చేసే నష్టం ఇంకో తీరుంటది. నాకు రెండోదాని మీదనే కోపం ఎక్కువ. దొంగనైతే పట్టియ్యొచ్చు, మొండోన్ని ఎవలికని పట్టిస్తవు?

నేనప్పుడు ఓవర్సీర్‌ను. ఉర్దూల చదువుకొని నౌకరీల చేరినోన్ని. రాష్ట్రాలు కలిసినంక ఆఫీసు కాయితాలన్ని ఇంగ్లీషుకు తిరిగె. నాకేమో టేపు పట్టి కొలుసుడు బాగ వచ్చు గని, కొలిసింది ఇంగ్లీషుల రాసుడు రాకపోయేది. రాసుడంత మా పెద్ద గుమస్తా సాబ్ చేసేటోడు. నిజాం జమానా నుంచి ఉన్న ముసలాయిన. నోట్లె ఎప్పుడు పాన్, నన్ను "బేటా" అని పిలిచేటోడు. ఆయినకు ఇంగ్లీషు ఎట్ల వచ్చెనో నాకిప్పటికీ సమజ్ కాదు. మమ్ముల ఇద్దరిని ఆఫీసుల "పాతసామాను" అనేటోళ్ళు.

నందికొండ కాడ కృష్ణ మీద కట్ట లేస్తున్న రోజులవి. దేవరకొండకు పోయే తొవ్వల ఒక సాలెల ఊరున్నది. పేరు చెప్ప, ఆ ఊరోళ్ళు ఇంకా ఉన్నరు. పొద్దుగాల్నే ఆ ఊరు పొలిమేరకు పోతె చాలు, మగ్గాల చప్పుడు వినొచ్చేది. అందరు కిరాయి ఇండ్లల్ల, కూలిపోయిన గోడల నడుమ నేసుకుంట బతికెటోళ్ళు. వానొస్తె మగ్గం గుంతలకు నీళ్ళొచ్చేటియి, నెలంత పని బందు. అసొంటోళ్ళకు గవర్నమెంటు నేతగాళ్ళ కాలనీ మంజూరు చేసింది. నేను మస్తు ఖుషీ అయిన. మా మేనత్తను సాలెవాడ పక్క ఇంట్లనే ఇచ్చిండ్రు, చిన్నప్పటి సంది ఆ చప్పుడు నాకు ఎరుకే.

ఇగ మా ఇంజనీరు సారు సంగతి చెప్పాలె. పైనుంచొచ్చిన ఆఫీసరంటె మీరందరు ఆంధ్రాయిన అనుకుంటరు. కాదు. మా జిల్లాయిననే. గడి ఉన్న దొరల ఇంట్ల పుట్టి, పట్నంల చదివి వచ్చిండు. లంచం ముట్టడు. కంట్రాక్టరు ఇంటికాడ మంచినీళ్ళు కూడ తాగడు. ఆయినకు ఒకటే పట్టుదల, పేదోని ఇల్లు కూడ బంగ్లా లెక్క ఉండాలె అని. అందుకే ఇంటింటికి నేల మీద షాబాదు బండలు పరిపిచ్చిండు. నున్నగ, నల్లగ, కాలు పెడితె చల్లగ. చుట్టుపక్కల ఏ పటేలు ఇంట్ల కూడ అసొంటి నేల లేకుండె. బండలు పరిసినంక సారు బూట్లు విప్పి వట్టికాళ్ళతోని నడిచి చూసిండు. చిన్నపోరని లెక్క నవ్విండు. ఆ నవ్వు నేను మర్వలే. మనిషి చెడ్డోడైతె ఈ కథ ఇంత మండకపోవు నాకు.

మరి మగ్గం ఏడ పెట్టాలె? సాలోళ్ళది గుంత మగ్గం. నేలల గుంత తవ్వి, అండ్ల కాళ్ళు పెట్టి కూసోని, కింద పలకలు తొక్కుకుంట నేస్తరు. షాబాదు బండల మీద మగ్గం ఎట్ల పెడ్తవు? ఈ సంగతి సారుకు తెల్వక కాదు. ఆయిన లెక్క వేరే ఉండె. "ఇల్లు ఉండుటానికి, పని చేసుటానికి షెడ్డు. దేశాలల్ల గట్లనే ఉంటది. కాలనీ అంచున పెద్ద షెడ్డు వస్తది, అందరు అండ్ల కొత్త మగ్గాల మీద నేస్తరు" అనేటోడు. షెడ్డు నక్ష గోడకు అంటిచ్చి పెట్టిండు. నక్ష మంచిగనే ఉండె. షెడ్డు మాత్రం ఆ నక్షలనే ఉండిపోయింది. మంజూరు ఇయ్యాల రేపు అనుకుంట పోయిండ్రు.

ఇండ్ల తాళాలు ఇచ్చిన్నాడు వాడంత బండలు కడుక్కొని బొట్లు పెట్టుకున్నరు. నాలుగు దినాలు సంబురం. తర్వాత ఒక ముసలి సాలాయిన నా కాడికొచ్చి మెల్లగ అడిగిండు, "సారూ, ఇల్లు సక్కగున్నది. మరి మేము తినేదెట్ల?" అని. కొందరు పాత ఇండ్లల్ల ఒక మూల కిరాయికి తీస్కొని అక్కడ్నే నేసిండ్రు. కొందరు ఇంటి ముంగట పందిరేసి గుంత తవ్వుకున్నరు. గాలికి దుమ్మొచ్చి పోగులు తెగేటియి, వానకు పడుగు నానేది. అమ్మ పెట్టదు, అడుక్క తిననియ్యదు అన్నట్టయింది.

వాడ మొదట్ల ఇల్లు ఒక విధవామెకు వచ్చింది. అందరు నడిపక్క అనేటోళ్ళు, నేను గూడ గట్లనే అనేటోన్ని. పెనిమిటి క్షయతోని పోయిండు. పిల్లలు లేరు. ముసలి అత్త, ఈమె, ఇద్దరే. మా దిక్కు ఆడోళ్ళు రాట్నం తిప్పుతరు, కండెలు చుడుతరు, గంజి పెడుతరు గని, మగ్గం మీద కూసునేది మొగోళ్ళే. ఈమె పెనిమిటి పోయిన యాడాదిల్నే తనే గుంతల దిగింది. వాడ ముక్కు మీద ఏలేసుకున్నది. ఈమె మాత్రం "నవ్వెటోళ్ళు నాకు బియ్యం పోస్తరా?" అని అడిగిందట. అత్త కండెలు చుట్టి అందిస్తె ఈమె నేసేది. చీరె అంచు చూస్తె పేరున్న నేతగాళ్ళు కూడ నోరు మూసుకునేటోళ్ళు.

పందిరి కింద నేసుడు ఈమెతోని కాలే. మొగోళ్ళు వచ్చిపోయే బజార్ల గుంతల కూసోని నేసుడు ఆడమనిషికి ఎట్లయితది? పాత ఇల్లు అప్పటికే ఇంకొకరికి కిరాయికి పోయింది. ఒకదినం నేను పోయేసరికి ముందర్రల బండలు లేసి ఉన్నయి. ఒక్కటి పలగలే. గోడకు చాప ఆనిచ్చి, దాని మీద ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టింది. గుంత సిద్ధమయ్యింది. అత్త గుంత అంచున పసుపు రాసి, బెల్లం బువ్వ పెట్టి మొక్కుతాంది.

"నడిపక్కా, ఇదేం పని? సారు చూస్తె ఊకుంటడా?" అన్న.

"ఊకోకుంటె ఏం చేస్తడు సారూ? బండలు సర్కారువి, పైలంగ పెట్టిన. కింద మన్ను భూదేవిది, నేను అడుక్కున్న" అన్నది.

ఆ ఊరి సాలోళ్ళల్ల ఒక కట్టుబాటున్నది. గుంతల మొదలు ఎవలు కాలు పెట్టి కూసుంటరో, గుంత వాళ్ళది. ఇల్లు అమ్మినా, కిరాయి మారినా, వాళ్ళు మనసారా "ఇగ నువ్వు కూసో" అని చెప్పి కొబ్బరికాయ కొట్టిస్తెనే ఇంకొకరు అండ్ల దిగుతరు. ముసలామె ఈ ముచ్చట నాకు చెప్పి, కోడల్ని చెయ్యి పట్టి గుంతల దిగమన్నది. నేను అక్కడ్నే నిలబడ్డ. పోగు మోసే నాడె అటు ఇటు ఉరుకుడు మొదలువెట్టింది. కాలనీ కట్టినంక ఇంటి లోపలి నుంచి మగ్గం చప్పుడు వచ్చుడు అదే మొదలు. వాడంత తలుపుల కాడికొచ్చి విన్నరు.

మిగిలినోళ్ళు గడ్డపారలు చేతుల పట్టుకొని, ఈమెను ఏమంటరో చూసి మనం తవ్వుదామని ఆగిండ్రు. ఆగకుండ అందరు ఒక్కపారి తవ్వితె ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తది.

సారు వచ్చిండు. గుమ్మంల నిలబడి చూసిండు. మొఖం ఎర్రగయ్యింది.

"ఏందిది? ఇల్లిస్తె బొంద తవ్వుకున్నవా?"

ఆమె గుంతల నుంచి లేవలే. "బొంద కాదు సారూ, మా అన్నం కుండ. మా బువ్వంత అండ్లనే ఉన్నది" అన్నది.

"షెడ్డు వస్తది. షెడ్డుల నేసుకోవాలె."

"వచ్చిన్నాడు వస్త సారూ. అప్పటిదాక కడుపు ఆగుతదా?"

సారు ఆమె దిక్కు చూడలే. నిలబెట్టిన బండల దిక్కే చూస్తున్నడు. జీపు ఎక్కినంక నాతోని, "వారం లోపట పూడిపియ్యాలె, లేకుంటె ఇల్లు రద్దు" అన్నడు.

ఆఫీసుల నేను ఊకోలే. జిందగీల మొదటిపారి పై ఆఫీసరుతోని గొంతు పెంచి మాట్లాడిన. "సార్, మనం ఇల్లు కట్టింది నేతగానికి. మగ్గం లేకుంటె అది నేతగాని ఇల్లు ఎట్లయితది? ఒక్క అర్రల బండలు తీసుకోనియ్యుండ్రి. బండలు మనయి మనకే ఉంటయి" అన్న.

"నీకు తెల్వదు. గుంతల చెమ్మ ఉంటది. గోడలు చెడుతయి. వాళ్ళకే రోగాలొస్తయి. ఎన్నాళ్ళని గుంతలల్ల కూసుంటరు? మనం పైకి తేవాలె వాళ్ళను" అన్నడు సారు.

"పైకి తేవాలె సార్. పైకి తెచ్చినంక తిండెవలు పెడ్తరు?"

"బయటికి పో" అన్నడు.

బయటికొచ్చిన. గుమస్తా సాబ్ నన్ను కూసోబెట్టి పాన్ ఇచ్చిండు. నోటీసు టైపు చేసుడు ఆయిన పనే. మిషిను ఖరాబయ్యిందన్నడు. మిషిను బాగయినంక రిబ్బను లేదన్నడు. రిబ్బను వచ్చినంక ఆయినకే జరమొచ్చింది. అట్ల ఈడ్చి ఈడ్చి కొన్ని దినాలు నూకిండు. మేము పాతసామాను గద, చేతనైంది అంతే.

ఇంతల హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు కాలనీ చూడొస్తున్నడని ఖబరొచ్చింది. సారు ఆగమాగమయ్యిండు. రేపు పెద్దాయిన వస్తడనంగ, కూలోళ్ళను, మొరం బండిని వెంటవెట్టుకొని కాలనీకి పోయిండు. నన్ను రమ్మన్నడు. "పూడిచే పనికి నేను రాను సార్, మెమో ఇస్తె ఇయ్యుండ్రి" అన్న. "పనికి రాకు, సాక్షికి రా" అన్నడు. సాక్షికి పోయిన.

నడిపక్క మగ్గం మీద ఉన్నది. పడుగు మీద చీరె సగం అయ్యింది. అంచుకు ఎర్ర పోగు, చిన్న చిన్న రుద్రాక్షలు. ఆమె లేసి నిలబడి చేతులు జోడిచ్చింది. నోరున్న ఆడామె, చేతులు జోడిచ్చుడు నేను అదే మొదలు చూసుడు.

"సారూ, ఈ పడుగు దిగనియ్యుండ్రి. నూలు నాది కాదు, సావుకారిది. పడుగు దిగంగనే నేనే పూడుస్త. మా అత్త మీద ఒట్టు."

"రేపు పెద్దాఫీసరు వస్తున్నరు. ఇయ్యాలనే కావాలె" అన్నడు సారు.

"పడుగు నడుమ తెంపుతె మాకు మంచిది కాదు సారూ."

"అవన్ని మూఢనమ్మకాలు."

నాకు ఒళ్ళంత మండింది. "సార్, మూఢనమ్మకం కాదు, అది చీరె! తెంపితె గుడ్డపీలికలైతది. రేపు పెద్దాయిన వచ్చినప్పుడు ఆ అర్రకు తాళమేద్దం, అయిపోతది గద!" అన్న. సారు నా దిక్కు చూసి, "అబద్ధం చూపియ్యమంటవా?" అన్నడు. చూసిండ్రా నిజాయితీ! తాళమెయ్యడట, అబద్ధమట. ఆడమనిషి నోట్లె మన్ను కొట్టుడు మాత్రం న్యాయమట. ఆ నిజాయితీని ఏ గంగల ముంచాలె?

కూలోడు ఒకడు కొడవలి తీసిండు. అప్పుడామె, "పరాయి చెయ్యి పెట్టకుండ్రి" అన్నది. కొడవలి తనే తీస్కున్నది. దువ్వెన లెక్క పోగులు పట్టే పన్నె అవతల పడుగు మొత్తం పిడికిట్ల పట్టి ఒక్కటే కోత కోసింది. పోగులు వెనక్కి ఎగిరి పడ్డయి. ముసలామె చుట్టబోయిన కండె చేతులనే పట్టుకొని నేల మీద కూలబడ్డది. ఏడ్వలే. "నా కొడుకు పోయిన్నాడు కూడ మగ్గం తెగలే" అన్నది అంతే.

కూలోళ్ళు మొరం పోసి దిమ్మిస కొట్టిండ్రు. బండలు మళ్ళ పరిసిండ్రు. సందులల్ల సిమెంటు పూసిండ్రు. సారు దగ్గరుండి సమంగ ఉన్నదా అని రసమట్టం పెట్టి చూసిండు. అయినంక, కాలనీ అంతకు బుద్ధి రావాలె అని ఇల్లు రద్దు చేసిండు. అత్తకోడండ్లు మగ్గం కట్టెలు బండి మీదేసుకొని ఎటు పోవాల్నో తెల్వక, చివరికి నందికొండకు కూలికి పోయిండ్రని తర్వాత తెలిసింది. అప్పుడు ఎవలికి దిక్కు లేకున్నా నందికొండనే దిక్కు.

తెల్లారి పెద్దాఫీసరు వచ్చిండు. కోస్తా దిక్కాయిన. మామిడాకుల తోరణాలు కట్టినం, తొవ్వకు సున్నం గీతలు గీసినం. ఎండ ఉండె, గొడుగు పట్టె పని నాదే. ఆయిన వాడ ఆ కొస నుంచి ఈ కొస దాక నడిచి, నిలబడి, చెవి పెట్టి విన్నడు.

"ఇదేం నేతగాళ్ళ కాలనీ అండీ? ఒక్క మగ్గం చప్పుడు వినపడదేం?"

సారు షెడ్డు సంగతి మొదలువెట్టిండు. పెద్దాయిన సగంల్నే ఆపిండు. "షెడ్డెందుకండీ? వాళ్ళ ఇళ్ళల్లోనే పెట్టుకోనివ్వండి. ఓ గదిలో ఈ బండలు తీసేస్తే సరి. గుంట తవ్వించే ఖర్చు మనమే ఇద్దాం" అన్నడు. అనుకుంటనే రుమాలుతోని మొఖం తుడుచుకున్నడు. ఆయినకు అది పెద్ద సంగతే కాదు. నేను గొంతు చించుకున్నది, గుమస్తా సాబ్ జరం తెచ్చుకున్నది, నడిపక్క చేతులు జోడిచ్చింది, అంత ఆ ఒక్క మాట కోసమే.

మా సారు ఏమన్నడో తెలుసా? "అదే సార్, నేను కూడ అదే ప్రపోజల్ పెడదామనుకుంటున్న" అన్నడు. అప్పటిదాక ఆయిన మొండోడు అనుకున్న. మొండితనం గూడ పై ఆఫీసరు ముంగట మైనం లెక్క కరుగుతదని ఆ దినమే సమజయింది.

పెద్దాయిన జీపు పోంగనే అడిగిన, "సార్, ఇగ గుంతలకు పర్మిషనొచ్చింది గద. నడిపక్కను పిలుద్దం" అని.

"ఆమె పర్మిషన్ రాకముందు తవ్వింది. తప్పు తప్పే. క్రమశిక్షణ అనేది ఒకటుంటది" అన్నడు.

గుంతల స్కీము మొదలువెట్టుటానికి మంచిదినం చూసిండ్రు. మొదటి గుంత సారే తవ్వాలె. ఏ ఇంట్ల? వాడ మొదట్ల ఒక ఇల్లు ఖాళీగున్నది గద, అందరికి కనబడేటట్టు, అండ్లనే అని ఆర్డరేసిండు. ఆ ఇంటిని కొత్తగ లగ్గమైన ఒక సాలె పిలగానికి రాసిండ్రు. ఊరు ఊరంత వచ్చింది. ఫోటో తీసెటాయిన వచ్చిండు. బండలు లేపిండ్రు. సారు కొబ్బరికాయ కొట్టి, పార అందుకొని ఒక్క పోటు పొడిచిండు. పార పిడిదాక దిగింది.

"అరె, మన్ను మస్తు మెత్తగున్నదే!" అన్నడు సంబురంగ.

నాకు అప్పటిదాక ఆపుకున్నదంత ఎగదన్నుకొచ్చింది. "మెత్తగనే ఉంటది సార్. మీరు పూడిపిచ్చిన గుంతనే గద అది. నడిపక్క తవ్వింది. మన్ను ఇంక గట్టిపడనే లేదు" అన్న, అందరు వినేటట్టు.

ఫోటో ఆయిన పెట్టె కిందికి దించిండు. సారు పార అట్లనే పట్టుకొని నిలబడ్డడు. సరే, ఇంత జరిగినంక గూడ ఆయిన తవ్విచ్చేటోడే. గని కొత్తగ ఇల్లొచ్చిన పిలగాడు ముంగటికొచ్చి దండం పెట్టిండు.

"సారూ, నాకు ఈ ఇల్లొద్దు. ఆమె గుంతల నేను కాలు పెట్ట."

"నీకు ఇంకెప్పుడు ఇల్లు రాదు, చూస్కో" అన్నడు సారు.

"రాకుంటె మా నాయిన ఇంట్లనే ఉంట. ఆమె ఉన్నంత కాలం అది ఆమె జాగ. ఆమె ఇడిచిపెట్టలే సారూ, మీరు ఎల్లగొట్టిండ్రు. గట్ల వచ్చిన గుంతల కూసుంటె నా పిల్లలకు తగుల్తది."

సారు ఇంకొకన్ని పిలిచిండు. వాడు తల అడ్డంగ ఊపిండు. మూడో ఆయిన అసలు ముంగటికే రాలే. ఇల్లు లేక పందిట్ల ఉంటున్నోళ్ళు కూడ మాకొద్దన్నరు. వాళ్ళ దిక్కు నిలబడ్డ ఇండ్లోళ్ళంత, గడ్డపారలు పట్టుకొని ఈమెను ఏమంటరో చూద్దామని ఆగినోళ్ళే. అప్పుడు వాళ్ళ మీద నాకు కోపముండె. ఆ దినంతోని పోయింది.

ఆ ఇల్లు అట్లనే ఉన్నది. గవర్నమెంటు ఇల్లు ఖాళీగుంటె పైనుంచి ఊకోరు. నెలనెలా అడుగుతరు, ఎందుకు ఖాళీ, ఎవలు బాధ్యులు అని. గుమస్తా సాబ్‌కు అప్పుడు జరం రాలే, మిషిను ఖరాబు కాలే. ఇల్లు ఇంకా ఖాళీనే అని ప్రతి నెల ముందుగాల్నే పైకి రాసి పంపేటోడు. పంపిన్నాడు నాతోని, "జిస్కీ లాఠీ ఉస్కీ భైంస్, కట్టె ఎవనిదో బర్రె వానిదే అంటరు బేటా. గని బర్రె పాలు చేపకుంటె లాఠీ ఏం చేస్తది?" అని పాన్ నమిలేటోడు.

ఆఖరికి పైనుంచి గట్టిగనే అడిగినట్టున్నరు. సారు నన్ను పిలిచి ఒక ఆర్డరు చేతుల పెట్టిండు. నా మొఖం చూడకుండనే, "నందికొండకు పోయి ఆమెకు ఇచ్చి రా" అన్నడు. గుమస్తా సాబ్ అది తెలుగుల రాసిండు, ఆమెకు చదివి వినిపియ్యాలె గద అని. మొదటి మాటలు మాత్రం సారువి.

బస్సెక్కి పోయిన. నందికొండల అప్పుడు మనిషి మీద మనిషి. కట్ట పొడుగూత చీమలబారు లెక్క జనం. రాళ్ళు మోసెటోళ్ళు, మాలు తట్టలు మోసెటోళ్ళు. ఆమెను దొరకబట్టుటానికి పొద్దు నడినెత్తికొచ్చింది. మొదలు ఆమె నన్ను గుర్తువట్టింది, నేను వట్టలే. నల్లగయ్యింది, బుగ్గలు లోపలికి పోయినయి. నెత్తి మీద సిమెంటు మాలు తట్ట, చేతులకు గుడ్డపీలికలు చుట్టుకున్నది. సిమెంటుకు ఏళ్ళు పుండ్లయినయి. తెగిన పోగు కంటికి కనబడకున్నా ఏలికొసతోని దొరకబట్టి ముడేసిన చేతులవి.

"అత్త ఎట్లున్నది నడిపక్కా?" అని అడిగిన.

"పోయింది సారూ. ఈడ రేకుల కింద ఎండ తట్టుకోలే. చలిజరమొచ్చింది. దవాఖానకు తీస్కపోయిన గని, ఆగలే" అన్నది.

ఆర్డరు తీసి, "నీ ఇల్లు నీకిచ్చిండ్రు. గుంత గూడ తవ్వుకోవచ్చు. చదువుత విను" అన్న. తట్ట నెత్తి మీదనే ఉంచుకొని నిలబడ్డది. నేను చదివిన: "ప్రభుత్వము వారు దయతలచి, చేసిన తప్పును క్షమించి..."

"ఆగు" అన్నది.

ఆగిన.

"ఎవలు తప్పు చేసిండ్రు సారూ? ఎవలు క్షమిస్తున్నరు? మా అత్తను మన్నుల పెట్టినంక దయ తలిచిండ్రా? నాకు ఆ దయ వద్దు. ఇల్లు గూడ వద్దు. వాపసు తీస్కపో." ఆమె మాట మెల్లగనే ఉన్నది. చుట్టూ మాలు మోసే ఆడోళ్ళు ఆగి చూస్తున్నరు. మేస్త్రీ దూరం నుంచి ఒర్లుతున్నడు.

ఆర్డరు వాపసు తీస్కపోతె ఏమైతదో నాకు తెలుసు. ఆమె నిరాకరించినట్టు రాసుకుంటరు, ఇల్లు ఇంకెప్పటికీ రాదు, ఈమె ఈ తట్టల కిందనే పోతది. అంగి జేబుల నుంచి పెన్ను తీసిన. ఒక రాయి మీద కాయితం పరిచి, "దయతలచి" అన్న మాట మీద గీత గీసిన, "చేసిన తప్పును క్షమించి" మీద ఇంకో గీత గీసిన. గవర్నమెంటు ఆర్డరు మీద ఓవర్సీరు గీత గీసుడంటె మజాక్ కాదు. దానికి మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది, ఆ జిల్లా నుంచే నన్ను తీసేసిండ్రు. రానియ్యి. నా సర్వీసుల నేను చేసిన మంచిపని ఏదన్న ఉన్నదంటె, ఆ రెండు గీతలే.

ఆమెకు చదువు రాదు. గీతల దిక్కు చూసింది, నా మొఖం చూసింది.

"ఇప్పుడు చదువు" అన్నది.

చదివిన: "కాలనీలోని మొదటి ఇల్లు ఈమెది. మగ్గం గుంత తవ్వుకొనుటకు ఈమెకు హక్కు కలదు."

"ఇంకొకపారి చదువు."

ఇంకొకపారి, జర గట్టిగ, పక్కనున్న ఆడోళ్ళు గూడ వినేటట్టు చదివిన. అప్పుడామె తట్ట దించి, అండ్లున్న మాలు మేస్త్రీ చూస్తుండంగనే కిందపోసి, చేతులకున్న పీలికలు విప్పుకుంట, "పా సారూ, బస్సెన్ని గంటలకు?" అన్నది.